ఒక్కరికి సంచీ బియ్యం

ఆసుపత్రి వెనుక, బట్టలుతికే యంత్రాల హోరు ఎడతెగక వినిపించే పొడవాటి గదిలో ఇరవై రెండేళ్లుగా చిరిగిన దుప్పట్లు కుడుతున్న ఆ ఇల్లాలు కాని ఇల్లాలికి అసలు పేరు జీతాల పుస్తకంలో మాత్రమే మిగిలింది. తక్కినవారందరికీ ఆమె లెక్కలక్క. ఆ పేరు పెట్టినవాడు అదే గదిలో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి నిలబడి నడుము వంగిన ముసలివాడు. ఆమె కన్నా పదిహేనేళ్లు పెద్ద అయినా ఆమెను అక్కా అనే పిలిచేవాడు. ఆమె అతణ్ణి తాతా అనేది. వరుసలు కలవకపోయినా మనుషులు కలిశారు.

లెక్కలక్క పనితనం ఒక్క దుప్పటిలో చూడవచ్చు. రోగుల వీపులు ఒరుసుకొని దుప్పటి నడుమ పలచబడుతుంది. అంచులు మాత్రం కొత్తవాటిలాగే ఉంటాయి. ఆమె దానిని నిలువునా రెండుగా చీల్చి, గట్టి అంచులను నడిమికి తెచ్చి కలిపి కుట్టి, అరిగిన నడిమిభాగాన్ని అంచులకు పంపేది. ఆ దుప్పటి మరో రెండేళ్లు పనిచేసేది. అదీ చిరిగితే దిండు గలీబు, గలీబు చిరిగితే చేతిగుడ్డ. ఏ వస్తువుకైనా చివరి ఊపిరి దాకా ఒక ఉపయోగం ఉందని నమ్మిన మనిషి ఆమె.

ఆ నమ్మకంతోనే తమ్ముడి ఇంటిని పద్దెనిమిదేళ్లు నడిపింది. తమ్ముడు, మరదలు, వారి ముగ్గురు పిల్లలు, మరదలి తల్లి, తాను, ఏడు తలలు. తమ్ముడి జీతమూ తన జీతమూ ఒకే డబ్బాలో పడేవి. నెల మొదటివారంలోనే బియ్యం సంచీలు, నూనె డబ్బా, పప్పు, సబ్బులు టోకున తెచ్చి అలమరలో పెట్టి తాళం వేసేది. ఆపైన నెలాఖరు దాకా ఆ ఇంట్లో సరుకుల ఊసు ఉండేది కాదు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న లోకం, ఇల్లు నడిపి చూడు అనడం ఎందుకు మరిచిందో తెలియదు. ఆమె నడిపి చూపింది.

ఆ ఇంట్లో ఆమె పడక వంటగదికి పోయే నడవలో, ఒక మడత మంచం. తెల్లవారు అయిదింటికి దానిని మడిచి గోడకు చేర్చకపోతే ఇంకొకరికి దారి ఉండదు. ఒకనాడు తమ్ముడి పెద్దకూతురు, అభం శుభం తెలియని పిల్ల, ఒక మాట అంది: ‘‘అత్తా, నువ్వు కొంచెం అటు జరిగితే ఫ్రిజ్ ఇక్కడ పెట్టచ్చని అమ్మా నాన్నా అనుకుంటున్నారు.’’

ఆమె ఆ రోజంతా నడవను చూసింది. అటు జరగడానికి అటువైపు గోడ ఉంది.

పదిరోజుల్లో గది వెతుక్కుంది. తమ్ముడు నొచ్చుకున్నాడు.

‘‘నిన్నెవరైనా పొమ్మన్నారా అక్కా?’’

‘‘ఎవరూ అనలేదురా. అనకముందే వెళ్తే అందరికీ మర్యాద.’’

‘‘ఫ్రిజ్ మానేస్తాం లే.’’

‘‘మానేస్తే పిల్లలు నన్ను చూసినప్పుడల్లా చల్లనీళ్లు గుర్తు చేసుకుంటారు. తెచ్చుకోండి.’’

‘‘నలభయ్యారేళ్లొచ్చాక ఒంటరి కాపురం ఏమిటి? నీ లెక్కలు ఏడుగురున్నచోట సాగాయి గానీ… సరే. మూడు నెలలు. నాలుగో నెలకి నువ్వే వస్తావు. నీ మంచం తియ్యను.’’

మరదలు మాత్రం, అలమర తాళంచెవి మొదటిసారి తన చేతికి వచ్చినందుకు దానిని ఎక్కడ ఉంచాలో తోచక, కొంగున ముడి వేస్తూ, విప్పుతూ నిలబడింది.

కొత్త గది మేడ మీద ఉంది. ఇరవై మూడు మెట్లు. కిటికీ ఒకటి, గట్టు ఒకటి, నీళ్ల కుళాయి ఒకటి. తలుపుకు లోపలివైపు గడియ ఉంది. ఆమె జీవితంలో తన కోసం తాను వేసుకున్న మొదటి గడియ అదే. ఇంటి యజమాని రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. చేతి గడియారం విప్పడం ఎవరూ చూడలేదు.

‘‘మూడు నెలల అడ్వాన్సు ఇవ్వలేనండి బాబాయిగారూ. ఒక్క నెలదే ఉంది,’’ అంది ఆమె.

‘‘మరి నాకు ధైర్యం ఏమిటమ్మా?’’

‘‘నేను తేదీ తప్పను.’’

‘‘టికెట్ లేకుండా దొరికినవాళ్లందరూ నిజాయితీపరులేనమ్మా, అడిగి చూడు.’’ చేతి గడియారం చూసుకున్నాడు. ‘‘ఒక పని చేద్దాం. అద్దె మూడువేల అయిదువందలు. ప్రతి నెలా అయిదో తేదీ, సాయంత్రం ఆరు. ఆరు దాటి ఒక్క నిమిషమైనా బండి వెళ్లిపోయినట్టే. గది ఖాళీ చెయ్యాలి. మొదటి మూడు నెలలు ఈ షరతు. మూడూ దాటితే నువ్వు నా ఇంటి మనిషివి, అప్పుడు ఆలస్యమైనా తిట్టి ఊరుకుంటాను.’’

ఆమె ఒప్పుకుంది. దాచుకున్న ఏడువేలలో సగం అడ్వాన్సుకు పోయింది. సగం పొయ్యికి, గిన్నెలకు, చాపకు పోయింది. పదో తేదీన జీతం తొమ్మిదివేలు అందింది. పదకొండున గదిలో చేరింది. ఆ రాత్రి ఒక బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసి అందులో మూడువేల అయిదువందలు పెట్టి మూత బిగించింది. మిగిలిన అయిదున్నర వేలలో బస్సుకు ఎనిమిదివందలు, కరెంటుకు నీళ్లకు నాలుగువందలు, గ్యాసుకు తొమ్మిదివందలు, పాలకు కూరలకు పన్నెండువందలు. సరుకులకు రెండువేల రెండువందలు. చక్కని లెక్క. తప్పు పట్టడానికి ఎవరికీ సందు లేదు.

సంపాదించినదానిని సంగ్రహించడం ధర్మమనీ, అవసరానికి మించి సంగ్రహించడం దోషమనీ పెద్దలు చెప్పారు. ఆ రెండింటి నడుమ గీత ఎక్కడుందో మాత్రం ఎవరి ఇంట్లో వారు గీసుకోవలసిందే. ఏడుగురి ఇంట్లో గీసిన గీతను లెక్కలక్క చాపతో పాటు చుట్టుకొని కొత్త గదికి తెచ్చుకుంది.

మర్నాడు సరుకుల దుకాణానికి ఇస్త్రీ తాతను తోడు తీసుకొని వెళ్లింది. అతడు ఇరవై ఏళ్లుగా ఒంటరివాడు. ఆమె ఇరవై అయిదు కిలోల బియ్యం సంచీ మీద చెయ్యి వేసేసరికి అతడు కళ్లద్దాలు పైకి జరిపాడు.

‘‘ఇంట్లో పెళ్లేమైనా ఉందా అక్కా?’’

‘‘కిలో లెక్కన కొంటే అరవై రెండు. సంచీ అయితే యాభై నాలుగు పడుతుంది. ఇన్నేళ్లుగా నువ్వు పొట్లాలు కొని కిలోకి ఎనిమిది పారబోస్తున్నావు తాతా.’’

‘‘ఏ రోజుది ఆ రోజే పారబోస్తున్నా. నువ్వు ఒకేసారి పోస్తావేమోనని చూస్తున్నా.’’

‘‘అమ్మగారి లెక్కకి తిరుగులేదండి,’’ అన్నాడు దుకాణదారు, నూనె డబ్బా మీది దుమ్ము తుడుస్తూ. అతడికి అలాంటి లెక్కలంటే భక్తి.

బియ్యం పదమూడువందల యాభై. పదిహేను లీటర్ల నూనె డబ్బా పద్దెనిమిదివందల యాభై. అయిదు కిలోల పప్పు అయిదువందల యాభై. ఉల్లిపాయల బస్తా రెండువందల యాభై. మొత్తం నాలుగువేలు. సరుకుల వాటా రెండువేల రెండువందలే. తక్కిన పద్దెనిమిదివందలను బిస్కెట్ల డబ్బా నుండి తీసింది.  పద్దెనిమిదేళ్ల అనుభవం ఆమె చేతికి ధైర్యమిచ్చింది. సరుకు ఇంట్లో పడితే నెల గట్టెక్కినట్టే. కూరల్లో కొంత, బస్సులో కొంత మిగిల్చి ఆ చిల్లు పూడ్చవచ్చు.

పూడ్చడానికి ఆమె చేయని ప్రయత్నం లేదు. సాయంత్రాలు బస్సు ఎక్కక నడిచింది; రోజంతా మిషను తొక్కిన మోకాళ్లు ఆ నడకకు రోజూ ఒక ఫిర్యాదు చేసేవి. వాడిన కూరలు సగం ధరకు తెచ్చుకుంది. అలా ఏడువందలు మిగిలాయి. కానీ కొత్త కాపురం నోరు తెరుచుకున్న పసిపిల్ల వంటిది. ఈ రోజు బల్బు, రేపు బకెట్టు, ఎల్లుండి చీపురు, ఆ తరువాత తాళం, బట్టలారేసుకొనే తాడు. తమ్ముడి ఇంట్లో ఇవన్నీ ఎప్పటినుంచో ఉన్నవి కనుక వాటికీ వెల ఉంటుందన్న సంగతే ఆమె లెక్కలో లేదు. ఆరువందలు వాటికి పోయాయి.

మూడో తేదీ సాయంత్రం వంటకు బియ్యం తీయబోయి, సంచీలో చెయ్యి పెట్టింది. మోచేతి దాకా బియ్యమే. పిడికిట నల్లని పురుగు ఒకటి నిదానంగా పాకింది. గట్టు కింద బస్తాలో ఉల్లిపాయలు ఆకుపచ్చని మొలకలు వేసి, ఎవరో పెంచుతున్నంత ఏపుగా ఉన్నాయి. నూనె డబ్బా పక్కకు వంచి చూసింది. అరలీటరు తగ్గింది.

చాప మీద కూర్చొని లెక్క మొదలుపెట్టింది. ఈ సంచీ ఆ ఇంట్లో పన్నెండు రోజులు. ఇక్కడ ఇరవై రెండు రోజుల్లో కరిగింది అయిదు కిలోలు. అంటే ఒక్క మనిషికి ఇది నాలుగు నెలల తిండి. నూనె? నెలకు అరలీటరు. డబ్బా నిండా ముప్పై నెలలు. ఆ సంఖ్య దగ్గర ఆమెకు నవ్వు వచ్చింది. ఆ నవ్వులో ఓపిక లేదు. రాబోయే నెలల తిండి అంతా వచ్చి ఈ ఒక్క నెల జీతంలో ఇరుక్కుంది. బిస్కెట్ల డబ్బాలో పద్దెనిమిదివందలు ఉన్నాయి. ఇంకా పదిహేడువందలు కావాలి. జీతం పదో తేదీన. బండి అయిదో తేదీన.

పొదుపే తనను ముంచిందని నమ్మడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. దుబారా చేసినవాడికి తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. అక్కడ వేలు పెట్టి ఏడుస్తాడు. ఆమెకు ఆ వీలు కూడా లేదు.

నాలుగో తేదీన దుకాణదారును అడిగింది. ‘‘మూత తీసిన డబ్బా వెనక్కి తీసుకోలేనమ్మా. పురుగు పట్టిన సంచీ మాట సరే సరి,’’ అన్నాడు. ఆ మాట చెప్పడం అతడికీ ఇష్టం లేనట్టుంది. ఆసుపత్రిలో ఇస్త్రీ తాత జేబులోంచి మూడువందలు తీసి బల్ల మీద పెట్టాడు.

‘‘ఇంతే ఉంది అక్కా. పొట్లాల మనిషిని.’’

‘‘ఉంచుకో తాతా. దీంతో బండి కదలదు.’’

‘‘పెద్ద సంచీకి పెద్ద ఇల్లే కావాలి. నీకు తెలిసిన పెద్ద ఇల్లు ఒకటుందిగా.’’

ఆమె దారం కొరికి మరో దుప్పటి అందుకుంది. ఆ గడప ఎక్కితే తమ్ముడు అన్న మాట నిజమవుతుంది. ఎక్కకపోతే గది పోతుంది. గది పోతే మళ్లీ ఆ గడపే. రెండు దారులూ అక్కడికే పోతున్నాయి గనుక, పోయేదేదో చేతిలో సరుకుతో పోవడం మేలని సాయంత్రానికి తేల్చుకుంది.

అయిదో తేదీ ఆదివారం. ఉదయమంతా బియ్యం చెరిగి పురుగు తీసింది. అయిదు కిలోల బియ్యం, రెండు లీటర్ల నూనె తనకు ఉంచుకొని, తక్కిన పదిహేను కిలోలూ పన్నెండున్నర లీటర్లూ ఆటోలో వేసుకొని మూడింటికి తమ్ముడి వాకిట దిగింది. ఆటోకు నూట ఇరవై.

తలుపు తీసిన మరదలు ముందు ఆమెను, తరువాత సంచీని చూసింది.

‘‘రండి వదినా. అన్నీ తెచ్చేసుకున్నారా?’’

‘‘అన్నీ కాదమ్మాయ్. అమ్మడానికి వచ్చాను.’’

నడవలో మంచం అలాగే ఉంది. ఫ్రిజ్ లేదు. మంచం నిండా పొట్లాలు: కిలో బియ్యం పొట్లాలు, పావులీటరు నూనె పాకెట్లు, గుప్పెడు గుప్పెడు పప్పులు. లెక్కలక్క కళ్లు తమంతట తామే లెక్క కట్టాయి; కట్టి, ఆ మొత్తం దగ్గర బెదిరాయి.

‘‘రోజూ తెస్తున్నావా?’’

‘‘రోజూ. ఒకేసారి అంత డబ్బు ఇవ్వాలంటే చేతులు రావడం లేదు. పొట్లమైతే తక్కువే కదా అనిపిస్తుంది.’’ మరదలు గొంతు తగ్గించింది. ‘‘జీతం ఇరవయ్యో తేదీకే అయిపోయింది వదినా. ఫ్రిజ్ కోసం ఉంచింది కూడా చాలావరకు తినేశాం. ఆయనకి ఇంకా చెప్పలేదు.’’

ఒకరు ఒక్కరికి సంచీ కొన్నారు. మరొకరు ఆరుగురికి పొట్లాలు కొన్నారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పద్దెనిమిదేళ్లలో వారిద్దరికీ ఒకే బాధ కలగడం అదే మొదలు.

తమ్ముడు లోపలినుంచి వచ్చాడు. ‘‘వచ్చేశావా? నెలైనా కాలేదు. నేను మూడు నెలలన్నాను, నువ్వు నా మాట కూడా నిలబెట్టవు కదా అక్కా.’’

‘‘సంచీ దించడానికి చెయ్యి వెయ్యి. వెక్కిరించేది తర్వాత.’’

విషయం విన్నాడు. ముఖం మారింది. ‘‘అక్క దగ్గర బియ్యం కొనుక్కుంటానా నేను? నలుగురూ వింటే ఏమంటారు? పదిహేడువందలేగా, ఎక్కడో తెచ్చి ఇస్తాను. లేకపోతే అది కూడా ఎందుకు? పోయేది అడ్వాన్సే కదా, పోనీ. గది వదిలెయ్. ఇంత మొహం పీక్కుపోయేట్టు ఆ మెట్లన్నీ ఎక్కి ఎవరికోసం?’’

ఆ మాటలో ప్రేమ ఉంది. అందుకే అది ఆమెను సగం కూలదోసింది.  పెద్దపిల్ల మంచం మీది పొట్లాలు ఒక పక్కకు తోసి, ‘‘అత్తా, కాసేపు పడుకో,’’ అంది. ఆమె పడుకుంది. నవారు ఆమె నడుమును గుర్తుపట్టినట్టు లోపలికి తీసుకుంది. ఇరవై అయిదు రోజుల నడకా, చెరుగుడూ, లెక్కలూ ఒక్కసారిగా ఎముకల్లోకి దిగాయి. లేవకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఆరు దాటుతుంది. అంతే. కళ్లు మూసుకుంది.

వంటగదిలోంచి మరదలి తల్లి గొంతు వినిపించింది. ‘‘రాత్రికి బియ్యం ఎన్ని డబ్బాలు పొయ్యమంటారు?’’

‘‘తొమ్మిది,’’ అంది లెక్కలక్క, కళ్లు తెరవకుండానే.

ఆ మాట తన నోట వచ్చాక విన్నది. ఎవరూ ఆమెను అడగలేదు. ఆ ప్రశ్న ఇంటిని అడిగినది. ఇల్లు ఆమె నోట బదులు చెప్పింది. తొమ్మిది డబ్బాల్లో ఒకటిన్నర ఆమెది. అది కూడా కలిపే చెప్పింది. ఈ మంచం మీద ఇంకొక్క గంట పడుకుంటే, రేపు సబ్బులెన్ని, ఎల్లుండి బడి ఫీజెంత అని అడుగుతారు, తాను చెబుతుంది, చెబుతూనే ఉంటుంది.

లేచి కూర్చుంది. గోడ గడియారంలో నాలుగూ నలభై.

‘‘అమ్మాయ్, కాటా తీసుకురా.’’

‘‘అక్కా, నేను చెప్పేది…’’

‘‘ఊరికే ఇస్తే ఆ గది నీ దయ అవుతుందిరా. అప్పుడది నాకు అక్కర్లేదు.’’

తమ్ముడు ఇంకేదో అనబోయాడు. మరదలు అడ్డుపడింది. ‘‘మీరు ఉండండి. వదిన సంచీ ధరకి ఇస్తుంటే మనకి కిలోకి ఎనిమిది మిగులుతోంది. మర్యాద కోసం ఎనిమిదీ ఎనిమిదీ వదులుకునే స్థితిలో లేం.’’ కాటా తెచ్చి తానే తూచింది. ముల్లు దగ్గర వంగి రెండుసార్లు చూసింది. ఆ రెండోసారి చూడడం లెక్కలక్కకు నచ్చింది. బియ్యం, నూనె కలిపి రెండువేల మూడువందల యాభై అయింది. ఇంట్లో ఉన్నవి రెండువేలే. తక్కినది జీతం రోజున ఇస్తానంది.

వాకిట్లో మరదలు మెల్లగా అడిగింది. ‘‘వదినా, ప్రతి నెలా వచ్చి ఒక్కసారి లెక్క చూసి పోతారా?’’

‘‘రాను. సంచీ కొను. కొన్నాక భయపడకు. మొదటి రెండు నెలలు లెక్క తప్పుతుంది, తప్పనీ.’’

బస్సుకు ఇరవై ఇచ్చింది. ఇరవై మూడు మెట్లు ఎక్కి బిస్కెట్ల డబ్బా తీసుకొని, మళ్లీ ఇరవై మూడు మెట్లు దిగి యజమాని తలుపు తట్టేసరికి అయిదూ యాభై రెండు. ఆయన నోట్లు లెక్కపెట్టాడు; టికెట్లు చూసినట్టు ఒక్కొక్కదాన్నీ వెలుతురుకు పట్టాడు.

‘‘ఎనిమిది నిమిషాలు ముందే వచ్చింది బండి. ఏమమ్మా, అలా ఉన్నావేం? ఒంట్లో బాగాలేదా?’’

‘‘బాగానే ఉందండి. పెద్ద సామాను దించి వచ్చాను.’’

‘‘ఇంకా రెండు స్టేషన్లు ఉన్నాయి.’’

‘‘తెలుసండి.’’

చేతిలో నూట అరవై మిగిలాయి. జీతానికి అయిదు రోజులు. గదికి పోకుండా మొదట వీధి చివర దుకాణానికి నడిచింది. ఉదయం నుంచి టీ చుక్క లేదు, ఇంట్లో పొడి లేదు.

దుకాణదారు ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. ‘‘అరకిలో టీపొడి డబ్బా మీద తగ్గింపు ఉందమ్మా. మీ లెక్కకి సరిగ్గా సరిపోతుంది. డెబ్బై మిగులుతుంది.’’

డెబ్బై. ఆమె చూపు డబ్బా మీద కాసేపు నిలిచింది. పద్దెనిమిదేళ్ల అలవాటు చెయ్యి చాచింది కూడా. ఆ చేతిని బల్ల మీద ఆనించింది.

‘‘చిన్న పొట్లం ఇవ్వు.’’

‘‘పొట్లమా? ఎంతమందికమ్మా?’’

‘‘ఒక్కరికి,’’ అంది. పది రూపాయల కాగితం ఒకటి విప్పి ముడతలు సవరించి ఇచ్చింది. పొట్లం కొంగున ముడి వేసుకొని, ముడి బిగిసిందో లేదో వేలితో నొక్కి చూసుకొని, మెట్ల వైపు నడిచింది.